వెంకటగిరి చీరకు ట్యాగ్ కడితే నకిలీ ఆగుతుందా?

మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తాను, తర్వాత చదివేవారికి విషయం తెలియాలి కదా. నెల్లూరు ట్రంకు రోడ్డులో మీకు చీరల దుకాణం ఉంది. కావలిలో, ఒంగోలులో శాఖలు ఉన్నాయి. మీరు అమ్మిన వెంకటగిరి చీరలు మార్పిడికి వచ్చినప్పుడు కొన్నిసార్లు అదే రంగు, అదే అంచు ఉన్న మరమగ్గం చీర తిరిగి వస్తోంది. మూడు చోట్లా ఏడాది చివర స్టాక్ లెక్క తేలడం లేదు. ఇంతలో ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, గుమ్మానికి అలారం గేట్లు, ప్రతి చీరకూ రేడియో తరంగాలతో చదివే ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్ పెడితే దొంగతనం ఆగుతుంది, నకిలీ అసాధ్యం అని చెప్పి కొటేషన్ ఇచ్చి వెళ్లారు. తీసుకోవాలా, వద్దా? నకిలీ దొరికితే ఏం చేయాలి?

ట్యాగ్‌లు తీసుకోండి. గేట్లు ఇప్పుడు వద్దు. 'నకిలీ అసాధ్యం' అన్న మాటను మాత్రం లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి రాసిమ్మనండి. రాసివ్వరు. బట్టల దుకాణాలకు, మందుల గోడౌన్లకు, రొయ్యల మేత గిడ్డంగులకు ఈ వ్యవస్థలు పెట్టే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఆ మాట రాసిచ్చిన కంపెనీని నేను ఇంతవరకు చూడలేదు.

ట్యాగ్ ఏం చేస్తుందో మీరు రోజూ చూస్తున్నదే. మీ కారు అద్దం మీద ఒకటి ఉంది. వెంకటాచలం దగ్గరో టంగుటూరు దగ్గరో టోల్ గేటు దాటేటప్పుడు పనిచేసే ఫాస్టాగ్, ఆ ప్రతినిధి చూపించిన లేబుల్ ఒకే జాతివి. లోపల ఆవగింజకన్నా చిన్న చిప్, దానికి అతికించిన పలచని లోహపు యాంటెన్నా. బ్యాటరీ ఉండదు. రీడర్ వదిలే రేడియో తరంగాల నుంచే శక్తి తీసుకుని తన నంబరు తిరిగి చెబుతుంది. తాను కారు అద్దం మీద ఉందో, డ్రైవరు చేతిలో ఉందో దానికి తెలియదు. అందుకే జాతీయ రహదారుల సంస్థ 2025 జులైలో, అద్దానికి అతికించకుండా చేత్తో పట్టుకుని చూపించే ఫాస్టాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెడతామని ప్రకటించాల్సి వచ్చింది. మీ చీరల సమస్య కూడా ఇదే. ట్యాగ్ తన నంబరు చెబుతుందే తప్ప తనను ఏ చీరకు కట్టారో చెప్పలేదు. ఆ రెండూ విడిపోకుండా చూసుకోవాల్సింది మీరే.

ఇంకో గందరగోళం కూడా తీసేద్దాం. పెద్ద షోరూముల గుమ్మాల దగ్గర నిలబెట్టిన గేట్లలో చాలావాటికి ఆర్ఎఫ్ఐడీతో సంబంధమే లేదు. అవి 8.2 మెగాహెర్ట్జ్ మీదో, 58 కిలోహెర్ట్జ్ మీదో పనిచేసే పాత అలారాలు. బిల్లు కౌంటర్‌లో తీయని బిళ్ల ఒకటి గుమ్మం దాటిందని కూస్తాయి, అంతే. అది ఏ చీరో, ఏ బిల్లుదో వాటికి తెలియదు. ఆర్ఎఫ్ఐడీలో మీకు పనికొచ్చేవి రెండు రకాలు. యూహెచ్ఎఫ్ రకాన్ని కొన్ని మీటర్ల దూరం నుంచే చదవవచ్చు. బీరువాలో మడత పెట్టిన చీరల వరుస ముందు రీడర్‌ను ఒకసారి అటూ ఇటూ తిప్పితే చాలు. కానీ మామూలు ఫోను దాన్ని చదవలేదు. 13.56 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఎన్ఎఫ్‌సీ రకం, ఫోనును దాదాపు ఆనిస్తేనే పలుకుతుంది. కొన్నవారు తమ ఫోనుతోనే చూసుకోవచ్చు. మొదటిది దుకాణదారు అవసరం, రెండోది కొనేవారి భరోసా. మీ కొటేషన్‌లో ఏది రాశారో చూడండి. 'స్మార్ట్ ట్యాగ్' అని మాత్రమే రాసి ఉంటే తిప్పి పంపి, స్పష్టంగా రాయమనండి.

ఇప్పుడు మార్పిడి కౌంటర్ సంగతి. ఇక్కడ మోసం జరిగే తీరు మీకు తెలిసిందే అయినా విడమరుస్తాను, ట్యాగ్ ఎక్కడ ఉండాలో దీన్నిబట్టే తేలుతుంది. అసలు చీర కొంటారు. ఇంటికి వెళ్లి, దారంతో వేలాడే అట్ట ట్యాగ్‌ను జాగ్రత్తగా విప్పి, మరమగ్గం చీరకు కడతారు. బిల్లుతో సహా తెస్తారు. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు సాయంత్రం అనుకోండి, కౌంటర్ ముందు ఇరవై మంది నిలబడి ఉంటారు. కుర్రవాడు బార్‌కోడ్ కొడతాడు, బిల్లుతో సరిపోతుంది, క్రెడిట్ నోట్, అంటే ఆ విలువకు వేరే సరుకు తీసుకునే చీటీ, ఇచ్చేస్తాడు. బార్‌కోడ్ బదులు అదే దారానికి ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్ కట్టినా జరిగేది ఇదే. పైగా కంప్యూటర్ సరే అన్నదన్న ధీమా కూడా తోడై, చీర విప్పి చూసే అలవాటు పోతుంది.

కాబట్టి వేలాడే ట్యాగ్ వద్దు. ఉతికే బట్టలకోసం చేసిన మెత్తని యూహెచ్ఎఫ్ ట్యాగ్‌లు దొరుకుతాయి. దాన్ని మీ దుకాణం పేరు నేసిన చిన్న లేబుల్ లోపల పెట్టి, బ్లౌజు ముక్క చివరి అంచున నాలుగు వైపులా కుట్టించండి. ఆ చోటే ఎందుకంటే, బ్లౌజు ముక్కను దర్జీ ఎలాగూ వేరు చేస్తారు. చీర కట్టుకున్నవారికి ట్యాగ్ గుచ్చుకోదు, కనిపించదు. ముక్క కత్తిరించాక, ఫాల్ కుట్టించాక వచ్చిన చీరను మీరు ఎలాగూ వెనక్కి తీసుకోరు. అంటే మార్పిడికి అర్హత ఉన్నంత కాలం ట్యాగ్ చీరతోనే ఉంటుంది, ఆ తర్వాత తనంతట తానే పోతుంది. బ్లౌజు లేని చీరలకు కొంగుకు ఎదురు చివర, లోపలికి దోపుకునే వైపు కుట్టించవచ్చు. కుట్టు విప్పి మళ్లీ కుట్టే ఓపిక ఉన్నవారు ఎక్కడైనా ఉంటారు. అందుకే కుట్టడానికి మామూలుగా దొరకని రంగు దారం ఒకటి ఎంచుకుని, ఆ సంగతి మార్పిడి కౌంటర్ వాళ్లకు మాత్రమే చెప్పండి. చవకైన పని, బాగా పనిచేస్తుంది.

దీనితోపాటు ఒక నియమం కావాలి: ట్యాగ్ పలకకపోతే, లేదా పలికిన నంబరు ఆ బిల్లులోది కాకపోతే, క్రెడిట్ నోట్ తయారే కాకూడదు. మేనేజరు నోటిమాటతో దాటవేసే బొత్తాం సాఫ్ట్‌వేర్‌లో ఉంటే తీసేయించండి. నంబరు సరిపోయినా చీర తిప్పి చూడటం మానవద్దు. వెంకటగిరి జాందానీ బుటా, అంటే మగ్గం మీద చేత్తో పోగు కలిపి నేసిన పువ్వు, రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. మరమగ్గం నకలులో వెనక కత్తిరించిన పోగులు తేలుతాయి, అచ్చు వేసిన రకమైతే వెనక రంగు వెలవెలబోతూ ఉంటుంది. ఈ చూపు ఏ రీడర్‌కూ లేదు. మీ దుకాణంలో పాతికేళ్లుగా ఉన్న సేల్స్‌మన్ ఒకరు తప్పక ఉంటారు. శ్రావణంలో ఆయనను అమ్మకాల నుంచి తప్పించి మార్పిడి కౌంటర్‌లో కూర్చోబెట్టండి. మీ మొత్తం పెట్టుబడిలో దీనికి ఖర్చు లేదు.

స్టాక్ లెక్క సంగతికి వస్తే, మీరు దొంగను గుమ్మం దగ్గర వెతుకుతున్నారు. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా, బట్టల దుకాణాల్లో తేలని లెక్కలో పెద్ద భాగం లోపలి నుంచే పోతుంది. తెలిసినవారు వస్తే మూడు చీరలు సంచిలో వేసి రెండింటికే బిల్లు కొట్టడం. వస్తువు రాకుండానే రాసిన క్రెడిట్ నోట్. ఎనభై చీరలు వచ్చాయని సంతకం పెట్టిన కట్టలో నిజానికి డెబ్బై ఎనిమిదే ఉండటం. నెల్లూరు నుంచి ఒంగోలు పంపామని ఇక్కడ రాసి, వచ్చిందని అక్కడ రాయకపోవడం. చివరి రెండింటిలో దొంగ ఉండాల్సిన అవసరం కూడా లేదు, బద్ధకం చాలు. ఆషాఢం తగ్గింపు అమ్మకాల్లో సరుకు మూడు దుకాణాల మధ్య తిరిగే వేగానికి ఏ చేతిపుస్తకమూ నిలబడదు.

ఈ నాలుగింటికీ యూహెచ్ఎఫ్ ట్యాగ్ గట్టి మందు. నకిలీల కన్నా ఈ పనికే ఇది ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. కట్టను విప్పకుండానే గోడౌన్ గుమ్మంలో లెక్క తేలుతుంది. బిల్లు బల్ల కింద రీడర్ పెడితే, బల్ల మీద మూడు చీరలు ఉండి బిల్లులో రెండే ఉన్నప్పుడు తెర మీద కనిపిస్తుంది. వారానికి ఒక రాత్రి చేతి రీడర్ పట్టుకుని దుకాణం చుట్టి వస్తే, ఏ చీర తగ్గిందో నంబరుతో సహా తెలుస్తుంది. ఏడాది చివర 'నలభై తగ్గాయి' అని తెలియడం వేరు, మంగళవారం నాటికి ఉన్న ఫలానా చీర తర్వాతి మంగళవారానికి లేదని తెలియడం వేరు. రెండో సందర్భంలో ఆ వారం కెమెరా రికార్డు ఇంకా చెరిగిపోయి ఉండదు. జారా దుకాణాల యజమాని ఇండిటెక్స్ 2014లో ఈ పద్ధతిని తన దుకాణాలకు విస్తరిస్తున్నట్లు ప్రకటించినప్పుడు కూడా ముఖ్యంగా చెప్పుకున్నది లెక్క తేలడం గురించే.

గేట్లు ఇప్పుడే ఎందుకు వద్దన్నానో చెబుతాను. ట్రంకు రోడ్డు దుకాణాల ముఖద్వారం వెడల్పు మీకు తెలుసు. గుమ్మం పక్కనే బొమ్మలకు చీరలు కట్టి నిలబెడతారు. యూహెచ్ఎఫ్ గేటు ఆ బొమ్మల మీది ట్యాగ్‌లనూ చదివేసి రోజంతా కూస్తుంది. రెండో వారానికి ఎవరో దాని ప్లగ్ పీకేస్తారు. ఇక నిజంగా దొంగతనానికి వచ్చేవారు సంచి లోపల అల్యూమినియం రేకు కుట్టించుకుని వస్తారు. లోహం అడ్డుగా ఉంటే తరంగాలు దాటవు. లెక్క గాడిలో పడ్డాక, బయటికి పోతున్నది నిజంగా గుమ్మం గుండానే అని అంకెలు చెబితే అప్పుడు గేటు కొనవచ్చు.

లోహం మాట వచ్చింది కాబట్టి జరీ గురించి. ఇది ప్రతినిధులు చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. జరీలో వెండి, రాగి వంటి లోహం ఉంటుంది. ప్లాస్టిక్ జరీ మీద కూడా పలచని లోహపు పూత ఉంటుంది. ట్యాగ్ నేరుగా పెద్ద జరీ అంచు మీద పడితే దాని యాంటెన్నా శ్రుతి తప్పుతుంది, మీటర్ల దూరం పలికే ట్యాగ్ జానెడు దూరంలో కూడా పలకదు. సన్న జరీ ఉన్న నూలు వెంకటగిరికి పెద్ద ఇబ్బంది ఉండదు. వెడల్పు జరీ అంచు, నిండు జరీ కొంగు ఉన్న పట్టు చీరలు ఒకదాని మీద ఒకటి పేర్చితే మాత్రం మధ్యలోవి మాయమవుతాయి. ట్యాగ్‌ను సాదా గుడ్డ ఉన్న చోట కుట్టించడం, మడత పెట్టినప్పుడు ఆ చోటు బయటి వైపుకు వచ్చేలా మడత మార్చడం రెండూ చేయాలి. మడత మార్చడానికి మీ పాత సిబ్బంది ఒప్పుకోరు. ముందే సిద్ధపడండి. సీసాల్లో వచ్చే ద్రవాలతోనూ ఇలాంటి గొడవే, నీరు ఈ తరంగాలను తాగేస్తుంది. చెరువుల మందులు అమ్మే మిత్రులు ఇది చదువుతుంటే వాళ్లకు వేరే లెక్క ఉంటుంది.

అసలు నకిలీ సంగతి చివరికి మిగిలింది, కాస్త చిక్కైనది కూడా.

మీ దుకాణంలో కట్టిన ట్యాగ్ ఒక్కటే చెప్పగలదు: ఈ చీర మీ దుకాణం గుండా వెళ్లిందని. వెంకటగిరిలో ఏ మగ్గం మీద నేశారో అది చెప్పలేదు. మీకు సరుకు ఇచ్చిన వ్యాపారి కట్టలో పది మరమగ్గం చీరలు కలిపి ఉంటే, మీరు వాటికి కూడా శ్రద్ధగా ట్యాగ్ కుట్టించి నకిలీకి మీ పేరుతో సాక్ష్యం ఇచ్చినట్లవుతుంది. 2022 జిల్లాల విభజనలో వెంకటగిరి తిరుపతి వైపు వెళ్లినా నెల్లూరు నుంచి పెద్ద దూరమేమీ కాదు. లేబుల్ చుట్టలు తీసుకుని అక్కడి మాస్టర్ వీవర్ల దగ్గరికి, సహకార సంఘాల దగ్గరికి మీరే వెళ్లండి. చీర మగ్గం నుంచి దిగిన రోజే కుట్టి, మగ్గం గుర్తు, నేసినవారి గుర్తు, తేదీ అక్కడే ఫోనులో నమోదు చేసే ఏర్పాటు చేయండి. నేతవారికి ఇందులో ఏమి ఒరుగుతుందని వాళ్లు అడుగుతారు. చీరకు కొంత కలిపి ఇవ్వకుండా ఈ పని సాగదు. లేబుళ్లు లెక్కపెట్టి ఇవ్వండి, పాడైనవి వెనక్కి తీసుకోండి. వాడని లేబుల్ బయటికి పోతే అది అచ్చు వేయని నోటు కాగితంతో సమానం.

తర్వాత నకలు సమస్య. సాధారణ యూహెచ్ఎఫ్ ట్యాగ్‌లో మీరు రాసే నంబరు, అంటే ఈపీసీ, ఎక్కువగా 96 బిట్లు ఉంటుంది. మీ దగ్గర ఉన్నలాంటి రీడరే ఇంకొకరి దగ్గర ఉంటే దాన్ని చదివి ఖాళీ ట్యాగ్‌లోకి ఎక్కించడం నిమిషం పని. చిప్ తయారీదారు ఫ్యాక్టరీలోనే రాసి తాళం వేసిన ఇంకో నంబరు ఉంటుంది, దాన్ని టీఐడీ అంటారు. మీ రికార్డులో ఈ రెండు నంబర్లనూ జతగా నమోదు చేసి, రెండూ సరిపోతేనే అసలు అనుకుంటే మామూలు నకలుగాళ్లు ఆగిపోతారు. పట్టుదల ఉన్నవారు టీఐడీని కూడా అనుకరించే చిప్పులు తెస్తారు. వాళ్లకు సమాధానం, రహస్య తాళంచెవి లోపలే ఉంచుకుని ప్రతిసారీ కొత్త జవాబు లెక్కకట్టి చెప్పే చిప్పులు. ఎన్ఎఫ్‌సీలో ఎన్‌టాగ్ 424 డీఎన్ఏ అలాంటిది. ఏఈఎస్ 128 బిట్ల గూఢలిపి వాడుతుంది, ఫోను ఆనించిన ప్రతిసారీ మారే సంకేతం ఇస్తుంది. నిన్నటి సంకేతాన్ని దొంగిలించి ఇవాళ వాడితే సర్వర్ పట్టేస్తుంది. ప్రతినిధి ఎన్‌టాగ్ 213 చూపించి అదే పని చేస్తుందంటే నమ్మకండి, దానిలో ఆ యంత్రాంగం లేదు.

అన్ని చీరలకూ ఇది అనవసరం. సాధారణ యూహెచ్ఎఫ్ లేబుల్ వేలల్లో కొంటే పది రూపాయల లోపు వస్తుంది, ఉతకడానికి తట్టుకునే రకం, గూఢలిపి రకం దానికి కొన్ని రెట్లు. పది వేలు దాటిన చీరలకే ఎన్ఎఫ్‌సీ పెట్టండి. ఖరీదైన చలికోట్లు అమ్మే మోంక్లేర్ కంపెనీ 2016 వసంత కాలపు సరుకు నుంచి ప్రతి దుస్తుకూ చిప్ పెట్టి, కొన్నవారే వెబ్‌సైటులో సరిచూసుకునే వీలు కల్పించింది. దాని ఒక్కో కోటు ధరలో ట్యాగ్ ఖర్చు లెక్కలోకి రాదు. మీ ఎనిమిది వందల నూలు చీరకు వస్తుంది.

మన దగ్గర చవకైన ఫోన్లలో చాలావాటికి ఎన్ఎఫ్‌సీ లేదు. అందుకని అదే లేబుల్ మీద క్యూఆర్ కోడ్ కూడా అచ్చు వేయించండి. క్యూఆర్‌ను జిరాక్స్ తీయవచ్చు, నిజమే. అయినా కేంద్రం 2023 ఆగస్టు 1 నుంచి 300 మందుల బ్రాండ్లకు తప్పనిసరి చేసినది బార్‌కోడ్ లేదా క్యూఆరే, కెమెరా ఉన్న స్మార్ట్‌ఫోను ఏదైనా దాన్ని చదవగలదు. బంగారు నగల మీద ఉండే ఆరు అక్షరాలు, అంకెల హాల్‌మార్క్ గుర్తు హెచ్‌యూఐడీ కూడా ఒక నంబరే. ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి కేర్ యాప్‌లో కొట్టి చూసేవారు ఉంటేనే అది పనిచేస్తుంది. మీ క్యూఆర్ తెరిచినప్పుడు చీర ఫోటో, నేసిన ఊరు, అమ్మిన తేదీ కనిపించాలి. ఇప్పటికే అమ్మినట్లు నమోదైన చీర ఇంకో ఊరి దుకాణంలో కొత్తదిగా దొరికితే, నంబరు నకలైందని కొనేవారికే తెలిసిపోతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ బీరువాలో ఇంకా అమ్ముడుపోని చీర నంబరును ఎవరైనా నకలు చేస్తే, నకిలీయే ముందు అమ్ముడై, అసలు చీర అనుమానంలో పడుతుంది. అందుకని దుకాణంలో ఉన్నంతకాలం క్యూఆర్ మీద, చింపితేనే కోడ్ కనిపించే పొర ఒకటి ఉంచండి.

నకిలీ దొరికితే ఏమిటన్నది కూడా అడిగారు. వెంకటగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరును తప్పుడు సరుకుకు వాడితే 1999 నాటి చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి సోదా చేయవచ్చు. మగ్గం దగ్గరి నుంచి బిల్లు వరకు మీ రికార్డు వరుసగా ఉంటే ఫిర్యాదుకు బలం వస్తుంది.

రీడర్ కొనేటప్పుడు ఒక్కటి గమనించండి. మన దేశంలో ఈ పరికరాలకు లైసెన్సు అవసరం లేకుండా వదిలిన తరంగాల పట్టీ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ (2005లో 867 వరకే ఇచ్చారు, 2021లో పెంచారు). ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే కొన్ని రీడర్లు అమెరికా పట్టీ అయిన 902 నుంచి 928కి అమర్చి ఉంటాయి. అందులో కొంత భాగం మన మొబైల్ ఫోన్లది. పరికరానికి భారత ఆమోద పత్రం ఉందా అని అడగండి. అమ్మిన తర్వాత ట్యాగ్ నోరు మూయించే 'కిల్' ఆదేశం కూడా ఉంటుంది. అయితే మార్పిడి గడువు ముగిసేవరకు మీకు ట్యాగ్ కావాలి, కాబట్టి దాన్ని వాడకుండా లేబుల్ తీసేసే పద్ధతి కొనేవారికి బిల్లు వెనక తెలుగులో రాయండి. ట్యాగ్‌లో నంబరు తప్ప కొన్నవారి పేరు, ఫోను నంబరు రాయించవద్దు.

ఇప్పుడు చేయాల్సినది: కావలి శాఖతో మొదలుపెట్టండి, అది చిన్నది. లక్ష రూపాయల అటూ ఇటూ పడే చేతి రీడర్ ఒకటి, వెంకటగిరి, పట్టు చీరలకు మాత్రం లేబుళ్లు. ఒక పెళ్లిళ్ల సీజను గడవనివ్వండి. కొటేషన్ ఇచ్చినవారిని డబ్బు కట్టకముందే దుకాణానికి పిలిచి, మీ బీరువాలోని వెడల్పు జరీ పట్టు చీరలు యాభై, ట్యాగ్ పెట్టి, మీరు పేర్చినట్లే పేర్చి, చదివి చూపించమనండి. ఆ తర్వాత ఒక ట్యాగ్‌ను వాళ్ల రీడర్‌తోనే ఖాళీ ట్యాగ్‌లోకి నకలు చేయించి, సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుంటుందో లేదో మీ కళ్లముందే చూడండి. ఈ రెండింటికీ ఒప్పుకోనివారితో ధర గురించి మాట్లాడాల్సిన పని లేదు.